ఆర్విల్ ముందు, ఊరంతా వెనక

మే నెల మొదటి శనివారం పొద్దున ఆర్విల్ టాకెట్ అనుకున్నది చిన్న పని. బ్రష్ ఫోర్క్ అనే కొండ ఊరి మోటారుసైకిలు క్లబ్బు వాళ్లను ఊరి మధ్యగా తీసుకుపోయి, సరస్సు ఒడ్డున చేపల హోటలు దగ్గర క్షేమంగా దింపడం. మంచు పోయాక అదే మొదటి స్వారీ. ఇన్నేళ్లుగా వరసలో ముందు బండి ఆర్విల్‌దే. అయితే ఈసారి భోజనాల దగ్గర చేతులెత్తి ఓటు వేస్తారట, ముందు బండి ఆయనకే ఉంచాలా, బామ్మర్ది డెల్మస్‌కు ఇవ్వాలా అని.

ఆ మాట లేవదీసింది డెల్మస్సే. "బావకి డెబ్బై దాటాయి. ముందు నడిచేవాడికి చూపుండాలి" అని మంగలి దుకాణంలో అన్నాడు. మంగలి దుకాణంలో అన్నాక ఇంక ఎవరికీ విడిగా చెప్పనక్కరలేదు. ఆర్విల్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ముందు చోటు పోతే ఊళ్లో తను ఎవరో ఆయనకే తెలియదు.

"ఏవయ్యా, గుడ్లు చల్లారిపోతున్నాయి" అంది భార్య వెర్నా వంటింటి తలుపు దగ్గర నిలబడి.

"టైర్లు చూడాలి."

"ఎవరివి?"

"అందరివీ."

"మరి నీవో?"

"నా బండి నాకు తెలియదా?"

క్లబ్బు వాళ్లు ఒక్కొక్కరే వాకిట్లోకి వచ్చారు. ఆర్విల్ ఒక్కొక్క బండి చుట్టూ తిరిగాడు. టైర్లలో గాలి కొలిచాడు. చైను వేలితో ఎత్తి చూశాడు. బ్రేకు నొక్కించాడు, దీపాలు వెలిగించాడు, అద్దాలు కదిలించాడు. వదులు చైనుతో వచ్చినవాణ్ణి అక్కడే కూర్చోబెట్టి చైను బిగించాడు. చెప్పులేసుకొచ్చిన మనిషిని ఇంటికి తరిమాడు.

"బూట్లు తొడుక్కురా. రోడ్డు మీద పడితే నీ వేళ్లు ఏరడానికి నేను చీపురు తేలేదు."

డెల్మస్ బండిలో ఏ లోపమూ దొరకలేదు. అందుకని దాని దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు.

"ఏవుంది బావా?"

"హారను మరీ సంబరంగా మోగుతోంది."

తర్వాత ఏటా చెప్పే మాటే చెప్పాడు. "ముందున్నవాడు ఏం చేస్తే వెనకవాళ్లంతా అదే చెయ్యాలి. చెయ్యి ఎత్తితే ఎత్తాలి, దీపం వేస్తే వెయ్యాలి. ఎందుకని అడగాలంటే హోటల్లో అడగండి, దారిలో కాదు. నన్నెవరూ దాటకూడదు. నీకే, డెల్మస్."

"నేనేమన్నాను?"

"అనబోయావు."

ఇక టైమైపోయింది. తన బండిని గుడ్డతో ఒక తుడుపు తుడిచి ఎక్కేశాడు. ఆ తుడుపులో వదులుగా ఉన్న ఎడమ అద్దం కాస్తా ఆయన వైపు తిరిగింది. అప్పటినుంచి అందులో రోడ్డు కాక ఆయన మీసం కనిపించసాగింది. కుడి అద్దమంతా డెల్మస్ నిండిపోయి ఉన్నాడు. డెల్మస్ చిన్న మనిషి కాదు.

వాకిలి దాటి ఎడమకు తిరగడానికి ఆర్విల్ ఎడమ దీపం వేశాడు. ఆ కాలపు బండికి దీపం తనంతట ఆరదు, బొటనవేలితో నొక్కి ఆర్పాలి. బొటనవేలు మందపాటి తొడుగులో ఉంది. ఆర్విల్ మనసు ఓటు మీద ఉంది. దీపం అలాగే కొట్టుకుంటూ ఉంది. వెనక డెల్మస్ అది చూసి, పళ్లు కొరికి, తన దీపమూ వేశాడు. అతని వెనకవాడూ వేశాడు. తోక చివరి దాకా అందరూ వేశారు. ఎటూ తిరగకుండా తిన్నగా పోతున్న క్లబ్బు మొత్తం ఎడమ కన్ను కొడుతూ ఊళ్లోకి దిగింది.

అదే సమయానికి చర్చి దగ్గర ఇనప సామాన్ల కొట్టు గార్నెట్ స్ప్రాడ్లిన్ ఆఖరి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. పెట్టెను నల్ల బండిలో ఎక్కించారు. కూడలిలో రాకపోకలు ఆపడానికి ఒక పోలీసు నిలబడ్డాడు. శ్మశానం ఎడమ దారిలో ఉంది. పోలీసు చూస్తే ఎదురుగా నల్ల తోలు కోట్లు, శవయాత్రలోలా పట్టపగలు వెలుగుతున్న దీపాలు, రెండేసి చొప్పున నెమ్మదిగా వరస, అందరిదీ ఎడమకే సైగ. గార్నెట్ ఇంటివాళ్లు ఘనంగా ఏర్పాటు చేశారనుకుని, అడ్డొచ్చే కార్లన్నీ ఆపి, చెయ్యి బారుగా ఊపి వాళ్లను ఎడమకు పంపాడు.

పోలీసు పొమ్మంటే పోవాలి. సరస్సుకు అటూ దారుంది. ఆర్విల్ ఎడమకు తిరిగాడు. నల్ల బండి నడిపేవాడు పక్క జిల్లా మనిషి, దారి తెలియదు. అతనూ చక్కగా బైకుల వెనక చేరాడు. అతని వెనక గార్నెట్ చుట్టాలు, వాళ్ల వెనక కొట్టులో మేకులు కొన్న ప్రతివాడూ చేరారు.

ఆ కొండల్లో శవం పోతుంటే ఎదురొచ్చే బండి పక్కకు తీసి ఆపుతారు, టోపీ తీస్తారు. ఎదురుగా ఒక కారు ఆగింది. ఇంకోటి ఆగింది. దాణా లారీ ఆయన కిందికి దిగి టోపీ గుండెకు ఆనించుకున్నాడు.

'ఇన్నాళ్లకు ఈ ఊరికి బుద్ధొచ్చింది' అనుకున్నాడు ఆర్విల్. ఆయన రెండు వేళ్లు ఎత్తి పలకరించాడు. వెనక అందరూ రెండు వేళ్లు ఎత్తారు. ఒక ముసలమ్మ వసారాలో నిలబడి కళ్లు తుడుచుకుంది. అది కొంచెం ఎక్కువే అనిపించింది గానీ, ఆర్విల్ కాదనలేదు.

కుడి అద్దంలో డెల్మస్ గుప్పిట మూసి తెరుస్తున్నాడు. నీ దీపం ఆరలేదు అని దాని అర్థం. ఆ సైగ వాడికి నేర్పింది ఆర్విలే. 'నేను దీపం ఆర్పడం మర్చిపోవడమా! ఓటుకు ముందు కంగారు పెడుతున్నాడు' అనుకున్నాడు. డెల్మస్ బొటనవేలితో వెనక్కి చూపించాడు. సంబరంగా హారను కొట్టాడు. దాటబోతున్నాడని ఆర్విల్ అరచెయ్యి కిందికి అదిమాడు, నెమ్మది అని. వెనక అరచేతులన్నీ కిందికి దిగాయి. వరస ఇంకా నెమ్మదించింది. శవయాత్రకు రావలసిన గాంభీర్యం పూర్తిగా వచ్చేసింది.

అలాగే శ్మశానం గేటు ముందునుంచి, లోపలికి తిరగకుండా దాటిపోయారు. అక్కడ పాదిరీ పుస్తకం తెరిచి నిలబడి ఉన్నాడు. ఆర్విల్ ఆయనకు మర్యాదగా తల ఊపాడు. పాదిరీ బైకులను చూశాడు, పెట్టెను చూశాడు, గార్నెట్ భార్యను చూశాడు. అందరూ వెళ్లిపోయాక పుస్తకం మూసి, తన కారెక్కి, తోకలో చేరాడు.

చేపల హోటలు ముందు ఆర్విల్ ఎడమకు తిరిగి బండి ఆపాడు. ఆయన దీపం అన్నది చివరికి నిజమైంది. హెల్మెట్టు తీసి వెనక్కి తిరిగాడు. నల్ల బండి వచ్చి పక్కన ఆగింది. దాని వెనక కార్లు, వాటి వెనక కార్లు. హోటలామె గుమ్మంలోంచి చూసి, "ఉన్న చేపలన్నీ బయటికి తియ్యండర్రా!" అని లోపలికి కేకేసింది.

"చెప్తూనే ఉన్నాను బావా" అన్నాడు డెల్మస్.

"ఎవరందులో?"

"గార్నెట్ స్ప్రాడ్లిన్."

"అయ్యో, పోయాడా?"

"పోదామనే చూస్తున్నాడు. నువ్వు పోనివ్వట్లేదు."

పోలీసు కారు కీచుమని ఆగింది. "ఎవరిదీ నిర్వాకం? ఎవరు బాధ్యులు?"

ఓటు సంగతి అప్పుడే తేలిపోయిందని ఆర్విల్‌కు తెలుసు. అయినా దాక్కునే మనిషి కాదు. చెయ్యి ఎత్తాడు. వెనక క్లబ్బంతా చెయ్యి ఎత్తింది.

పోలీసు అంతమందినీ చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆర్విల్ వెనక్కి తిరిగి చూశాడు. "డెల్మస్, నువ్వు కూడానా?"

"అలవాటు కొద్దీ లేచింది బావా. మనసులోంచి కాదు."

ముందు కారులోంచి గార్నెట్ భార్య ఆల్టా కర్ర పట్టుకుని దిగింది. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె బైకులన్నిటినీ చూసి ఆర్విల్ ముందుకొచ్చింది.

"క్షమించండమ్మా. పెద్ద తప్పు..."

"ఆగు నాయనా. ఈయన పెళ్లైన కాణ్ణుంచి మోటారుసైకిలు కొంటానని నా ప్రాణం తీశాడు. కాళ్లు విరుగుతాయని నేను కొననివ్వలేదు." కర్రతో సరస్సు వైపు చూపించింది. "ఆ చుట్టూ ఒక రౌండు వేయించి అప్పుడు తీసుకుపో. ఇంక విరగడానికేముంది?"

"అక్కడ గొయ్యి దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారమ్మా" అన్నాడు పాదిరీ.

"ఉండనియ్యి. రోజూ రాత్రి అన్నం దగ్గర ఈయన కోసం నేను కాచుకుని ఉండలేదూ?" అని ఆర్విల్ వైపు తిరిగింది. "ముందా దీపం ఆర్పు. చర్చి దగ్గర్నుంచి నా కళ్లు పోతున్నాయి."

ఆర్విల్ డెల్మస్ వైపు చూడకుండా బొటనవేలితో నొక్కాడు. వెనక వరసగా దీపాలన్నీ ఆరాయి. ఎడమ అద్దం సరిచేసుకుని బిగించాడు. సరస్సు చుట్టూ వెళ్లారు, శ్మశానానికి వెళ్లారు, గార్నెట్‌ను దింపారు. చాలా ఆలస్యంగా తిరిగొచ్చి చేపలకు కూర్చున్నారు.

"మనసులో పెట్టుకోకు బావా" అన్నాడు డెల్మస్. "నువ్వు నడిపిన తీరులో వంక లేదు. శవం ఒక్కటే తేడా."

ఓటులో అందరూ డెల్మస్‌కే చెయ్యి ఎత్తారు. చెప్పులాయన ఎత్తుతూ తల దించుకున్నాడు. ఆర్విల్ మొక్కజొన్న రొట్టె తుంచుకుని తిన్నాడు. ఇంటికి ఒక్కడే వచ్చాడు.

"ముందు బండి పోయింది" అన్నాడు వెర్నాతో.

"ఎక్కడికి పోయింది? మధ్యాన్నం నుంచి ఫోను ఆగితేగా. శవాల బండి వాళ్లే రెండుసార్లు చేశారు. గార్నెట్‌కి నడిచినట్టే తమ శవయాత్రకీ నువ్వే ముందు నడవాలని జనం అడుగుతున్నారట. మంగలాయన కూడా ఫోను చేశాడు."

"ఆయన బాగానే ఉన్నాడుగా?"

"ఉన్నాడు. తొందరేం లేదన్నాడు. మాట మాత్రం ఇచ్చి ఉంచమన్నాడు."

ఇప్పుడు క్లబ్బుకు ముందు బండి డెల్మస్‌ది, ఊరికి ముందు బండి ఆర్విల్‌ది. ఆర్విల్ బయల్దేరే ముందు తన బండినే మొదట చూసుకుంటాడు. ఆయన వెనక పెట్టెలో వచ్చినవాళ్లలో ఇంతవరకు ఒక్కరూ ఓటు పెట్టమనలేదు.