జాబితాలో లేని ఫైళ్లు

ఉదయం ఎనిమిదింటికి కోల్డ్ స్టోరేజీ యజమాని వేసుకున్న లెక్క చిన్నదే. తొమ్మిదిలోగా కంప్యూటర్లోని దొంగను పట్టుకోవాలి, పదింటికి కొనేవాళ్లకు ద్రాక్ష ధర పంపాలి. నెల రోజులుగా ఆయన ధర టైపు చేసిన పావుగంటకే ఎదురు వీధి వ్యాపారి వాళ్లకే కిలోకు అర్ధరూపాయి తగ్గించి చెబుతున్నాడు. గోదాములో పన్నెండు వందల పెట్టెలున్నాయి. ఈ బేరం కూడా పోతే తలుపులకు తాళం వేసుకోవడమే.

బావమరిది పెన్‌డ్రైవ్‌తో దిగాడు. "బావగారూ, ప్రతి ఫైలుకీ వేలిముద్రలాంటి సంఖ్య ఒకటుంటుంది, హ్యాష్ అంటారు. మార్కెట్లోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ల ముద్రలు ఈ జాబితాలో ఉన్నాయి. కలిసినవి తెలిసినవాళ్లు. కలవనివి..."

"దొంగలు," అని యజమాని తేల్చేశాడు. ముక్కూ మొహం తెలియనివాడికి సరుకివ్వకపోవడం వల్లే తాను ముప్పై ఏళ్లు నిలబడ్డానని ఆయన నమ్మకం.

కలవనివి నాలుగు వేలు తేలాయి.

"ఇంతమందిని మేపుతున్నానా! ఊడ్చెయ్!"

రీసైకిల్ బిన్‌తో సహా ఊడ్చేశాడు. ముందు ఖాతాదారుల చిరునామాలు మాయమయ్యాయి, వెనకాలే మనవరాలి ఫొటోలు.

"అవి కూడానా?"

"మీ మనవరాలు మార్కెట్లోకి వచ్చిన సాఫ్ట్‌వేరా బావగారూ, జాబితాలో ఉండటానికి?"

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

ఇంతలో గోదాము నుంచి స్టోర్‌కీపర్ ఫోను. "అయ్యగారూ, మోటార్లు పడుకున్నాయి. లోపల నాకు చెమటలు పడుతున్నాయి."

మెకానిక్ పరుగున వచ్చి తల పట్టుకున్నాడు. "మోటార్లు నడిపే ప్రోగ్రాం నేను రాసిందండీ. లోకం మొత్తానికి అదొక్కటే."

"ఇంకో కాపీ?"

"వేరే డిస్కు దండగని ఇందులోనే పెట్టించారు."

"చేత్తో వేసే స్విచ్చి?"

"చోటు దండగని పీకించారు."

మళ్లీ రాయడానికి మూడు రోజులు. ద్రాక్షకు అంత ఓపిక లేదు.

మిగిలిన ఫైళ్లు చూస్తున్న మెకానిక్ ఒకచోట ఆగాడు. "దూరం నుంచి మన తెర చూసే సాఫ్ట్‌వేర్ ఇది. కొట్లో అమ్మే సరుకే, జాబితాతో చక్కగా కలిసింది. ఎవరు పెట్టారు?"

"నేనే, పోయిన నెల," అన్నాడు బావమరిది. "ఇంట్లోంచే రిపేరు చేద్దామని."

యజమాని గొంతు తగ్గింది. "ఎదురు వీధిలో రిపేర్లు చేసేదెవరు?"

"నేనే. అక్కడా ఇదే సాఫ్ట్‌వేర్, ఇదే పాస్‌వర్డ్ పెట్టాను బావగారూ, గుర్తుంటుందని."

యజమాని చెయ్యెత్తాడు. భార్య మొహం గుర్తొచ్చి దించేశాడు.

అప్పుడే ఎదురు వీధి నుంచి ఫోను వచ్చింది: మెత్తబడబోయే ద్రాక్షను తానే కొంటానంటూ ధర, ఈసారి ఆయన టైపు చేయకముందే.