మందం లేని వస్తువు

ఆ రోజు పాఠం పావుగంటలో ముగించెయ్యాలని టీచరు ఇంటి దగ్గరే అనుకుంది. ఐదేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఇవాళ ఇన్‌స్పెక్టర్ వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటాడు. ఆయన సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు, పెట్టకపోతే వచ్చే నెల నుంచి ఇంట్లో కూర్చోవడమే. మూడో తరగతికి ఆకారాల పాఠం. "రేపు ఇంటి నుంచి ఒక టూడీ వస్తువు తీసుకురండి" అని ముందురోజే పిల్లల డైరీల్లో రాసి పంపింది. కాగితమో స్టిక్కరో తెస్తారు, ఇది చతురస్రం, ఇది వృత్తం అని చూపించి గండం గట్టెక్కవచ్చని ఆమె ఆశ.

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడో లేదో, గుమ్మంలో ఒక మనిషి ప్రత్యక్షమయ్యాడు. క్లాసులో అందరూ 'ప్రశ్నపత్రం' అని పిలిచే పాప ఆయన చెయ్యి పట్టుకుని వెక్కుతోంది.

"నేను పాప నాన్ననండీ, లేత్ మెషీన్ మీద పని. నిన్న సాయంత్రం ఇల్లంతా కొలిచాం. పొడవూ వెడల్పూ ఉండి మందం లేని వస్తువు ఒక్కటీ లేదు. ఎక్కడ దొరుకుతుందో చెబితే కొనుక్కొస్తా."

"అయ్యో, కాగితం ముక్క చాలండీ!" అంది టీచరు నవ్వు తెచ్చుకుని.

ఆయన జేబులోంచి మైక్రోమీటర్ తీశాడు. వెంట్రుక మందం కూడా కొలిచే పరికరం అది. దాని మధ్య కాగితం బిగించి, "మిల్లీమీటరులో పదోవంతు. మందం ఉందిగా మరి?" అన్నాడు. అందులో వెటకారం లేదు. సగం రోజు సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు పాపం.

ఇక పిల్లలు ఆగుతారా? "నాది కొలవండి అంకుల్!" అంటూ ఎగబడ్డారు. స్టిక్కరు, రిబ్బను, ఎండుటాకు అన్నీ వరసగా త్రీడీ అని తేలిపోయాయి. "నాది టూడీయే! మా అమ్మ చెప్పింది!" అని ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో నలుగురు. గోల విని హెడ్‌మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం తలెత్తకుండా రాస్తూనే ఉన్నాడు. అంతసేపు ఏం రాస్తున్నాడోనని టీచరు ఒక కన్ను ఆ పెన్ను మీదే వేసి ఉంచింది.

ఆమె గబగబా బోర్డు మీద సున్నా చుట్టింది. "ఇదిగో, ఇది టూడీ!"

ప్రశ్నపత్రం ఏడుపు ఆపి, వచ్చి, దాన్ని వేలితో రుద్ది, ఆ వేలు చూపించింది. "సుద్దపొడి అంటింది టీచర్. పొడికి మందం ఉండదా?"

టీచరు దాన్ని చెరిపెయ్యబోయి చెయ్యెత్తింది. అప్పుడే కిటికీలోంచి ఎండ పడి, ఎత్తిన తన చేతి నీడ గోడ మీద కనిపించింది. "నీడ! దీన్ని కొలవండి చూద్దాం!" అని అరిచినంత పని చేసింది. పాప నాన్న మైక్రోమీటర్‌ని గోడకి ఆనించి అటూ ఇటూ జరిపాడు. "బిగించడానికేమీ దొరకట్లేదండీ" అన్నాడు ఆశ్చర్యంగా. క్లాసంతా చప్పట్లు.

"మరి నీడని ఇంటి నుంచి ఎలా తేవాలి టీచర్?" అంది ప్రశ్నపత్రం.

టీచరు ఓపిక అయిపోయింది. "తేలేవమ్మా. తప్పు నాదే. వస్తువులన్నీ త్రీడీయే. వాటి మీద కనిపించే ముఖాలే టూడీ. టీచర్ల పుస్తకంలో ఉందని డైరీలో రాసేశాను. ఆ వాక్యం రాసిన మహానుభావుడెవరో గానీ, రాసేముందు ఒక్క క్షణం ఆలోచించినట్టు లేదు!"

హెడ్‌మాస్టరు ముఖం పాలిపోయింది. "ఆ పుస్తకం రాసింది ఈ ఇన్‌స్పెక్టరుగారేనమ్మా" అన్నాడు చెవి దగ్గర.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. మైక్రోమీటర్ అడిగి తీసుకుని, తన రిపోర్టు కాగితాన్ని తనే బిగించి, కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చూశాడు.

"పన్నెండేళ్లయింది ఆ పుస్తకం వచ్చి. ఇన్నాళ్లూ ఒక్కరూ అడగలేదు" అంటూ అదే కాగితం మీద సంతకం పెట్టాడు. "మీ ఉద్యోగం పర్మనెంటు. ఆ వాక్యం నేను మారుస్తాను."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ ఏడాది వచ్చిన కొత్త పుస్తకంలో, "రేపు ఇంటి నుంచి ఒక నీడను తీసుకురండి" అని ఉంది.