మూడు చుక్కల మర్యాద

ఈ భూమ్మీద నన్ను గౌరవంగా చూసేది ఒక్కటే. మా వెబ్‌సైట్‌లో ఎడిట్ నొక్కగానే ఎదురొచ్చే చిన్న పెట్టె. దాన్ని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మీరే ఆలోచించండి. ఇంట్లో ఏం కూర వండాలో నన్ను అడిగేవాళ్లు లేరు. టీవీ రిమోట్ నా చేతికొచ్చి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. ఈ పెట్టె మాత్రం నేను కామా మార్చబోయినా స్క్రీను మధ్యకొచ్చి, వెనకున్నదంతా మసక చేసేసి, "నిశ్చయంగా మార్చమంటారా?" అని అడుగుతుంది. ఇంత మర్యాద మగపెళ్లివారికైనా జరుగుతుందా!

గుంటూరులో మిర్చి రైతుల కోసం నడిచే ఒక చిన్న వెబ్‌సైట్‌కు నేను ఎడిటర్‌ని. మిర్చి యార్డు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు సెలవు, ఇలాంటి కబుర్లు పెట్టడం నా పని. ప్రతి వార్త చివరా మూడు చుక్కలుంటాయి. నొక్కితే మెనూ. అందులో 'త్వరిత సవరణ' నొక్కితే నా పెట్టె. పెట్టెలో రెండే గళ్లు, శీర్షిక, తేదీ. లోపలి విషయం కనిపించదు. కనిపిస్తే చదవాలి కదా? చదువుతూ కూర్చుంటే ఇక త్వరితం ఏముంది?

దీన్ని తయారుచేసిన చీరాల ఇంజనీరు ఫిలిప్‌కు ఈ సూక్ష్మం తెలియలేదు. "లోపలి మేటర్ కూడా కాస్త కనపడేట్టు పెడదామండీ" అన్నాడు. పెట్టె పెద్దదైతే అందం పోతుందయ్యా అన్నాను. నా సౌందర్య దృష్టికి తలవంచాడు.

ఆ పెట్టె పుణ్యమా అని నాలుగేళ్లుగా నేను కొత్త సెలవు ప్రకటన రాసిన పాపాన పోలేదు. పాతదాన్నే తీసి పైన పేరూ తేదీ మారుస్తాను. ఉగాదికీ అదే, రంజాన్‌కీ అదే, గుడ్‌ఫ్రైడేకీ అదే. లోపల 'పై తేదీన యార్డుకు సెలవు' అని ఉంటుంది కాబట్టి సర్వమతాలకూ సరిపోయేది. పోయిన నెల ఒక గురువారం సెలవుకు మాత్రం ఎవరో ప్రకటన పూర్తిగా తెరిచి లోపల 'శుక్రవారం ఉదయం నుంచి కొనుగోళ్లు యథావిధిగా జరుగుతాయి' అని ఒక వాక్యం కలిపారు. ఎవరో ఏమిటి, నేనే.

మొన్న గురువారం యార్డు సరుకుతో నిండిపోయి, శుక్ర శనివారాలు సెలవన్నారు. మూడు చుక్కలు నొక్కాను. శీర్షిక మార్చాను. నిశ్చయమేనా అంది పెట్టె. నిశ్చయమే అన్నాను. మొత్తం ఎనిమిది సెకన్లు! కానీ వాట్సాప్ జనానికి శీర్షికలతో పని లేదు. లోపలి వాక్యాన్నే కాపీ చేసి ఊళ్లకు పంపేశారు.

శుక్రవారం పొద్దున్నే ఫోను. మార్టూరు దగ్గరి రైతు గౌస్ బాషా. ట్రాక్టరు మీద అరవై బస్తాల మిరపకాయలతో యార్డు గేటు ముందున్నాడు. ఈ ఏడు ఆయన పంటంతా అదే.

"మీరు పెట్టింది చూసే బయల్దేరామండి. ఇక్కడ గేటు మూసేసుంది. మబ్బు పట్టేసింది. మా టార్పాలిన్ సగం సరుక్కే వచ్చుద్దండి."

ఒక్క నిమిషం ఆగండి అన్నాను. ఆ నిమిషంలో ఇంకొకరైతే మరో టార్పాలిన్ పంపించే ఏర్పాటు చూసేవారు. నేను ఎడిటర్‌ని కదా, చుక్కల కోసం వెతికాను. ఫోనులో అవి మిరప గింజంత ఉన్నాయి. వేలు జారి 'నకలు' మీద పడింది. తప్పుడు ప్రకటనలు రెండయ్యాయి. ఒకదాన్ని పూర్తిగా తెరిచి లోపలి వాక్యం దిద్ది, రెండోదాన్ని తొలగించబోయాను. పెట్టె వచ్చి నిశ్చయమేనా అంది. ఏది తొలగిస్తుందో మాత్రం చెప్పలేదు. నొక్కి చూస్తే దిద్దినదే పోయింది. మళ్లీ మొదలు. అన్నీ సరిచేసి గర్వంగా ఫోను చేసేసరికి అవతల వాన చప్పుడు వినిపిస్తోంది.

"వెనక బస్తాలు తడిసినయ్యండి. ఆరబెట్టినా ఇక రంగు రాదు" అన్నాడు గౌస్ బాషా. తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. "ఈసారి పెట్టేటప్పుడు లోపల ఏముందో మీరు కూడా ఓసారి చదవండి సార్" అన్నాడు.

సిగ్గుతో ఫోను పెట్టేశాను. ఎనిమిది సెకన్లు మిగుల్చుకోవడానికి నేను చదవని ఒక్క వాక్యాన్ని, ఆయన నమ్మి అరవై బస్తాలు ఎక్కించుకొచ్చాడు.

ఇంతలో నా పెట్టె మళ్లీ వచ్చింది, అదే మర్యాదతో. 'త్వరిత సవరణ మీకు ఉపయోగపడిందా?' కింద రెండు బటన్లు. 'చాలా బాగుంది' అని ఒకటి, 'తర్వాత చెబుతాను' అని ఒకటి. ఫ్యాను కింద పొడిగా కూర్చున్న నన్ను అది ఇన్నిసార్లు అడిగింది. యార్డు గేటు దగ్గర తడుస్తున్న మనిషిని అడగమని చెప్పడానికి అందులో ఎక్కడా చోటు లేదు.