తేదీలు అయిపోయిన దర్జీ

మనిషి మాట నమ్మరాదనీ, అతని కడుపులోని ప్రొటీన్ మాట మాత్రమే నమ్మాలనీ నాగరిక ప్రపంచం ఎప్పుడో తీర్మానించుకుంది. మనిషి "బాగానే ఉన్నానండీ" అంటాడు. అది సాక్ష్యం కాదు. ప్రొటీన్‌కి నోరు లేదు కాబట్టి అబద్ధమాడదు.

దర్జీ కడుపులో క్యాన్సర్ గడ్డ బయటపడినప్పుడు పెద్దాసుపత్రివాళ్ళు అందులోంచి ముక్క కోసి, రంగు వేసి, ఏయే ప్రొటీన్లున్నాయో చూశారు. కొన్ని కనబడితే రోగి నిలదొక్కుకుంటాడట. మరికొన్ని కనబడితే రోగం తిరగబెడుతుందట. దర్జీకి రెండో రకమే దండిగా ఉన్నాయి. "బహుశా వేసవి దాటడం కష్టం" అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు తల వంచుకుని. (శాస్త్రం, పాపం, ఎప్పుడూ బహుశా అనే అంటుంది. ఆ బహుశాని ఎక్కించడానికి కంప్యూటర్లో గడి లేకపోయింది. వేసవి ఒక్కటే ఎక్కింది.)

దర్జీ వేసవి దాటాడు. వానలూ దాటాడు. చలికాలానికి మళ్ళీ మిషన్ తొక్కుతున్నాడు. గడ్డ మళ్ళీ వచ్చిందేమో ఎప్పటికప్పుడు స్కాన్ తీసి చూసుకోవాలనీ, మొలకలో పట్టుకుంటే తుంచెయ్యొచ్చనీ మరీ మరీ చెప్పి ఆ డాక్టరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఆ మాట పట్టుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ స్కాన్ తేదీ కోసం ఆసుపత్రి కౌంటరు దగ్గరికి వెళ్ళారు.

కౌంటరు అమ్మాయి చాలాసేపు తెర వంక చూసింది.

"మీకు తేదీలు అయిపోయాయండీ."

"అయిపోవడమేంటమ్మా?"

"వేసవి దాకానే ఇచ్చారు. ఆ తర్వాత సిస్టంలో మీకు రోజుల్లేవు."

"మరి నేనిక్కడ నిలబడే ఉన్నాను కదా!"

"నాకు కనబడుతున్నారండీ. సిస్టంకే కనబడట్లేదు."

దర్జీ భార్య మొగుణ్ణి పక్కకి నెట్టి ముందుకొచ్చింది. "పెళ్ళికిచ్చిన బట్టలు పురుటికి అందించే మనిషండీ ఈయన. జన్మలో ఒక్క చొక్కా చెప్పిన టైముకి ఇచ్చిన పాపాన పోలేదు. చావు మాత్రం చెప్పిన టైముకి ఎలా ఇస్తాడనుకున్నారు?"

వెనక వరుసంతా నవ్వింది. "ఊరుకోవే, వీళ్ళలో గిరాకీలుంటారు" అని గొణిగాడు దర్జీ.

వాళ్ళని అంచనాల అమలు అధికారి దగ్గరికి పంపారు. ఆయన మర్యాదస్తుడు. లోపలికి రాగానే కుర్చీ చూపించాడు. (కూర్చోమని కాదు, దాని మీద ఫైళ్ళున్నాయని.)

"మీరు బతికుండడం మీద సంస్థకి ఏ అభ్యంతరమూ లేదు. కానీ మీ ప్రొటీన్ ఒకటి చెప్పింది, మీరొకటి చేస్తున్నారు. రెంట్లో ఒకటి మారాలి."

"ప్రొటీన్ మాటే మార్చండి సార్."

"తప్పకుండా. మళ్ళీ పరీక్ష చేద్దాం. గడ్డ ముక్క తెచ్చారా?"

"గడ్డ మీరే కోసేశారు కదా సార్."

"అది పరీక్షలకే అయిపోయింది. కొత్తది కావాలి."

"కొత్తది ఉందో లేదో చూడమనే కదా సార్ స్కాన్ అడుగుతున్నది!"

"స్కాన్‌కి తేదీ కావాలి. తేదీ కావాలంటే అంచనా మారాలి. అంచనా మారాలంటే గడ్డ కావాలి. ఇందులో మీకు అర్థం కానిదేముంది?"

దర్జీకి ఒళ్ళు మండింది. "చొక్కా కుదరకపోతే కుట్లు విప్పుతాం గానీ, మనిషిని కత్తిరిస్తామా సార్?"

"మీది చిన్న వ్యాపారం" అన్నాడు అధికారి జాలిగా.

అయినా ఆయన చేతులు దులుపుకోలేదు. విషయాన్ని బతికుండుట యందలి అభ్యంతరాల ఉపసంఘానికి నివేదించాడు. దర్జీ సజీవుడే అని, అతనికన్నా మేలైన ప్రొటీన్లున్న రోగులిద్దరు సాక్షి సంతకం పెడితే పరిశీలిస్తామని ఉపసంఘం సెలవిచ్చింది. నడవాలో బతిమాలి ఇద్దరిని పట్టుకొచ్చారు. సిరా ఆరేలోపు వాళ్ళలో ఒకాయన పోయాడు. ఆయనవి భేషైన ప్రొటీన్లు, సిస్టంలో ఇంకా బోలెడు తేదీలున్నాయి. (వాటిని తన మొగుడికి రాసిమ్మని దర్జీ భార్య అడిగింది. అలాంటి నిబంధన లేదన్నారు.) ఒక సాక్షి తగ్గినందున దరఖాస్తు వెనక్కొచ్చింది.

మళ్ళీ వానలు మొదలయ్యేసరికి దర్జీకి రెండు ముద్దలకే కడుపు నిండిపోసాగింది. పాంట్లు వదులైతే తనే విప్పి నడుము తగ్గించి కుట్టుకున్నాడు. ఓసారి కుట్టాడు, ఇంకోసారి కుట్టాడు, ఆపైన తాడు కట్టుకున్నాడు. భార్య అతణ్ణి చెయ్యి పట్టి ఆసుపత్రికి నడిపించుకెళ్ళింది.

చేత్తో తడిమితే తగిలేంత గడ్డ ఉందని తెలియగానే అధికారి లేచి నిలబడ్డాడు. కుర్చీ మీది ఫైళ్ళు స్వయంగా తీసి దర్జీని కూర్చోబెట్టాడు. కావలసిన కాగితమేదీ తక్కువ కాలేదు. ఆ పూటే తేదీ వచ్చింది, ఆ పూటే స్కాన్ అయింది. (తలచుకుంటే ఎంత చెయ్యగలరో చూడండి.)

స్కాన్ గదిలో కొత్త డాక్టరు తెర మీది బొమ్మని కిందికీ పైకీ జరిపి చూశాడు. కళ్ళజోడు తీసి దర్జీ వంక కోపంగా తిరిగాడు.

"ఇంత ముదిరేదాకా ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నారండీ? కాస్త ముందుగా రావాలని తెలీదూ?"