కుర్చీ మీది జాకెట్

ఆ శుక్రవారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చిన్నదే. మిలటరీ జాకెట్ తొడుక్కుని బీమా ఆఫీసుకు వెళ్ళాలి, సాయంత్రానికి సెక్షన్ హెడ్ అయి ఇంటికి రావాలి. స్నానం చేసి వచ్చి చూస్తే తలుపు వెనక కొక్కేనికి జాకెట్ లేదు. బాల్కనీలో, బకెట్‌లో, సబ్బునీళ్ళ మధ్య ముంగిలా కూర్చుని ఉంది.

“ఇవాళే తడపాలటే దీన్ని?” అని గుమాస్తా లబోదిబోమన్నాడు.

“తడపక? రోజూ ఆఫీసులోనే వదిలేసి వస్తే కంపు కొట్టదూ?” అంది భార్య. “మా తమ్ముడు ముచ్చటపడి కొనిచ్చాడు. ‘బావ ఒక్కరోజైనా ఇంట్లో వేసుకున్నాడా అక్కా’ అని మొన్న మొహం మాడ్చుకుని వెళ్ళాడు. అందుకే నిన్న పట్టుబట్టి తెప్పించాను. మీరు వెళ్ళండి, వాడికి ఫోన్ చేస్తాను. ఆరబెట్టి, ఇస్త్రీ చేయించి ఆఫీసుకు తెచ్చిస్తాడు. ఎలాగూ ఖాళీయేగా.”

బావమరిది ఖాళీగా ఉండటం కొత్తేమీ కాదు. అక్క దగ్గర పుచ్చుకున్న డబ్బుతోనే బావకు కానుక కొన్న ఘనుడు.

ఆ జాకెట్ ఆఫీసులో ఏం వెలగబెడుతోందో భార్యకు చెప్పుకోలేక గుమాస్తా బీరువాలోంచి ఓ చొక్కా లాక్కున్నాడు. ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు, ముందు నాలుగు పెద్ద జేబులు, భుజాల మీద పట్టీలు. అడవిలో మనిషిని దాచడానికి కుట్టిన బట్ట అది. బూడిదరంగు బల్లల మధ్య మాత్రం ఆ చివరి నుంచి ఈ చివరికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక సాయంత్రం దాన్ని కుర్చీకి తగిలించి మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు మేనేజరు తన గాజు గదిలోంచి ఫోన్ చేసి, “రాత్రి నేను వెళ్ళేటప్పటికి కూడా సీట్లోనే ఉన్నావు. శభాషయ్యా!” అన్నాడు. ఆ మేనేజరుకు మనుషుల మొహాలు చూసే అలవాటు లేదు. పని ఉంటే ఫోను, కోపం వస్తే మెయిలు. ఇన్నేళ్ళలో ఆ నోట ఒక్క మంచిమాట వినని గుమాస్తా, “ఏదో సార్, మీ దయ” అనేశాడు.

అక్కడితో మొదలైంది. రోజూ సాయంత్రం జాకెట్‌ను కుర్చీలో ఉంచి తను జారుకునేవాడు. జాకెట్‌కు పనిరాక్షసుడన్న పేరొచ్చింది. “ఎలాగూ రాత్రిదాకా ఉంటాడుగా” అని పక్కవాళ్ళు తమ ఫైళ్ళు కూడా ఇతని బల్ల మీద పడేశారు. పగలంతా ఇద్దరి చాకిరీ చేశాడు పాపం, అది మాత్రం ఎవరికీ కనిపించలేదు. ఆఖరికి మేనేజరు, “శుక్రవారం డైరెక్టరుగారు వస్తున్నారు. సెక్షన్ హెడ్‌గా నిన్నే చూపిస్తాను” అన్నాడు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకల్లా లేచి నిలబడిన మనిషి గుమాస్తా. తనను చూసి ఒక్కడైనా లేస్తే చాలన్నది అతని ఆశ.

ఆ రోజు మామూలు చొక్కాలో వెళ్ళి, భోజనం మానేసి, తలెత్తకుండా పనిచేశాడు. మధ్యాహ్నం డైరెక్టరును వెంటబెట్టుకుని మేనేజరు గాజు గదిలోంచి బయటికి వచ్చాడు.

“ఇతనేనండీ నేను చెప్పిన...” అంటూ కుర్చీ వైపు చెయ్యి చాపి ఆగిపోయాడు. “ఏడీ? సరిగ్గా ఇవాళే ఎగ్గొట్టాడా?”

గుమాస్తా లేచాడు. “నేనే సార్.”

“నువ్వెవరివయ్యా? అతని కుర్చీలో కూర్చున్నావేం?”

పక్క సీటువాడికి తెలుసు. కానీ ఆ పదవి మీద వాడికీ కన్నుంది కనుక, పడిపోని పెన్ను కోసం బల్ల కింద వెతుకుతున్నాడు. అంతలో తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. చేత్తో పట్టుకోవడం ఎందుకని జాకెట్‌ను ఒంటికే తగిలించుకున్నాడు.

“వచ్చావా! ఎక్కడికి పోయావయ్యా?” అని మేనేజరు ఎదురెళ్ళాడు.

“ఇస్త్రీ దగ్గర ఆలస్యమైంది సార్.”

“చూశారా, ఇస్త్రీ లేకుండా సీట్లో కూర్చోడు! అదీ క్రమశిక్షణ!” అని మేనేజరు పొంగిపోయాడు. డైరెక్టరు బావమరిది చెయ్యి పట్టుకుని ఊపి, “ఇకనుంచి సెక్షన్ నీదే” అన్నాడు.

“సార్, వాడు నా బావమరిది! జాకెట్ నాది. ఇన్నేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నది నేను!” అని గుమాస్తా అడ్డం వెళ్ళాడు.

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి అర్థమైంది. కానీ సొంత గుమాస్తా మొహం తెలియదని డైరెక్టరు ఎదుట ఒప్పుకుంటే ఇంకేమన్నా ఉందా? “మీ ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండయ్యా” అని కసిరి, డైరెక్టరును టీకి తీసుకెళ్ళాడు.

“ఒరేయ్, నువ్వైనా నోరు విప్పరా!” అని గుమాస్తా బతిమాలాడు.

“విప్పేవాణ్ణే బావా,” అన్నాడు బావమరిది, జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుంటూ. “కానీ ఎన్నాళ్ళని ఖాళీగా తిరగను? అయినా వచ్చింది మనింటికేగా.”

సాయంత్రం గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది. “మా వాడికి ఉద్యోగం వేయించారటగా! అందుకేనా జాకెట్ కోసం అంత కంగారు పడ్డారు? మీది ఎంత పెద్ద మనసండీ!” ఆవిడ అంత ప్రేమగా చూసి ఎన్నేళ్ళయిందో. గుమాస్తాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఆనందబాష్పాలనుకుని కొంగుతో తుడిచింది.

సోమవారం నుంచి గుమాస్తా బావమరిదిని చూడగానే లేచి నిలబడి “సార్” అంటున్నాడు. సార్ మాత్రం ఐదు కాగానే జాకెట్‌ను కుర్చీకి తగిలించి, ఇంటికి వెళ్ళిపోతున్నారు.