సోమమ్మ రంగం పోవు విషయమై

బస్తరు సంస్థానంలో సముద్రం లేదు. అడవి ఉంది, ఇనుపరాయి ఉంది, ఏడాదిలో నాలుగైదు నెలలు వాన ఉంది. సముద్రం మాత్రం లేదు. ఈ సంగతి సర్కారుకు బాగా తెలుసు. లేనిదాన్ని దాటడానికి ఫారాలు అచ్చు వేయించడం దుబారా కనక, సంస్థానపు ప్రజల్లో ఎవరికీ ఓడెక్కే అవసరం రాబోదని తీర్మానించుకుని సర్కారు నిశ్చింతగా ఉంది. (సర్కారు నిశ్చింతగా ఉన్న కాలంలో ప్రజలకు అవసరాలు పుట్టకూడదు. పుడితే దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అంటారు.)

1938లో అలాంటి క్రమశిక్షణ లేని మనిషి, సంస్థానపు దక్షిణపు అంచున ఉన్న కోంటలో ఒకతె బయల్దేరింది. పేరు సోమమ్మ. భర్త కాశయ్య పల్టన్‌లో కంచరగాడిదల దళంలో నాయకు హోదా సిపాయి. రెండేళ్ళ కిందట పల్టన్‌తోపాటు బర్మాలోని రంగం, అంటే రంగూన్, వెళ్ళిపోయాడు. కూతురు నర్సికి అయిదేళ్ళు. కొడుకు బుచ్చోడికి ఏడాదిన్నర. తండ్రి వెళ్ళాక పుట్టినవాడు కాబట్టి తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు ఎరగరు.

వినాయక చవితి వెళ్ళిన మూడోనాడు పల్టన్ నుంచి ఉత్తరం వచ్చింది. నాయకు కాశయ్యకు కుటుంబపు క్వార్టరు మంజూరైనదట. డిసెంబరు ముప్ఫై ఒకటిలోగా కుటుంబం రంగం చేరవలెనట. చేరనిచో క్వార్టరు జాబితాలో తరువాతివానికి ఇవ్వబడునట, మళ్ళీ వంతు మూడేళ్ళకు వచ్చునట. తోడు పంపుటకు వీలుపడదట. వచ్చేటప్పుడు స్వదేశపు సర్కారు ఇచ్చిన అనుమతి పత్రం తప్పక తేవలెనట.

అనుమతి ఎందుకంటే, కిందటేడు ఏప్రిల్‌లో బర్మాను మన దేశం నుంచి విడదీశారు. సోమమ్మ మేనమామ అక్కడి బియ్యం మిల్లులో పనిచేసినన్నాళ్ళూ రంగం మన దేశంలోనే ఉండేది. ఇప్పుడది పరదేశం. రంగం ఉన్నచోటే ఉంది, కాగితం జరిగింది.

సోమమ్మ పిల్లాణ్ణి చంకనేసుకుని, పిల్లను చేత్తో పట్టుకుని తహసీలు కచేరీకి వెళ్ళింది. అక్కడ మున్షీ ఉన్నాడు. ఆయన ఉత్తరాది మనిషి. పద్నాలుగేళ్ళుగా కోంటలో ఉంటున్నాడు కాబట్టి ఆయన తెలుగు ఆయనకు అర్థమయ్యేది. పక్కనే బంట్రోతు హుంగా నిలబడి మిగతావాళ్ళకు అర్థమయ్యేలా చెప్పేవాడు.

"సముందర్ దాటే ఫారం లేదు" అన్నాడు మున్షీ.

"ఉన్నదాంట్లనే ఏదో ఒకటి సూడున్రి దొరా" అంది సోమమ్మ.

మున్షీ మంచివాడు. అలమరా అంతా వెతికాడు. ప్రాణమున్నదేదైనా సంస్థానపు పొలిమేర దాటిపోవడానికి అచ్చయిన ఫారం ఒక్కటే దొరికింది. అది పశువులది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, ముఖంలో ఎలాంటి మార్పూ లేకుండా నింపడం మొదలుపెట్టాడు. రంగు: చామనచాయ. కొమ్ములు: లేవు. తలెత్తి సోమమ్మను అడిగాడు. "పాలు ఇస్తుందా?"

హుంగా నేల చూపులు చూస్తూ తెలుగులో చెప్పాడు. సోమమ్మ చెంగు సర్దుకుంది.

"పిలగాడు ఇంక తాగుతనే ఉన్నడు."

"హా" అని రాసుకున్నాడు మున్షీ. వెంట దూడలు: రెండు. పెయ్య ఒకటి, కోడె ఒకటి. అంతా సవ్యంగా సాగి చివరి గడి దగ్గర కలం ఆగింది. అక్కడ 'యజమాని అనుమతి' అని ఉంది.

"యజమాని రావాలె."

"ఆయన రంగంలనే ఉన్నడు దొరా. ఆయన దగ్గరికే నేను పోతున్న."

"వచ్చి, ఇజాజత్ ఇచ్చి, వాపస్ పోవాలె. కాయిదా." కాయిదా అంటే రూలని హుంగా చెప్పాడు.

"ఆయనే వచ్చేటట్టుంటే నేనెందుకు పోత?"

మున్షీ ఆలోచించాడు. అది మంచి ప్రశ్న. (మంచి ప్రశ్న అడిగినవాళ్ళను మర్నాడు రమ్మనడం కచేరీ మర్యాద.)

మర్నాడు మున్షీ కొత్త దారి కనిపెట్టి ఉన్నాడు. యజమాని అందుబాటులో లేనప్పుడు ఇంట్లోని పెద్ద మగవాడు యజమాని కింద లెక్క. మామ ఉన్నాడా? కాలం చేశాడు. బావ, మరిది? కాశయ్య ఒక్కడే కొడుకు. ఆమె తండ్రి? పోయాడు. మరి ఇంట్లో మగవాళ్ళలో పెద్దవాడెవరు?

ముగ్గురి చూపులూ సోమమ్మ చంకలోకి వెళ్ళాయి. బుచ్చోడు చొంగ కారుస్తూ కచేరీ కప్పు కేసి చూస్తున్నాడు.

వాడి బొటనవేలికి సిరా పూశారు. వాడు వేలు నోట్లో పెట్టుకున్నాడు. తుడిచి మళ్ళీ పూశారు. మూడోసారికి ఫారం మీద ముద్ర పడింది, మున్షీ చొక్కా మీద రెండు పడ్డాయి. ఆ విధంగా బుచ్చోడు తన తల్లికి దేశం విడిచి వెళ్ళడానికి అనుమతి ఇచ్చాడు. అయితే యజమాని మైనరు. మైనరు వేసిన వేలిముద్ర చెల్లాలంటే సంరక్షకుల సమ్మతి కావాలి. సంరక్షకురాలు తల్లి. సోమమ్మ దాని కిందే తన వేలు కూడా అద్దింది.

"సోమక్కా, నీ కొడుకు నిన్ను పొమ్మన్నడు" అన్నాడు హుంగా. "అట్ల అనమని నువ్వే చెప్పినవు. ఇంక అడ్డమేంది?"

"జగదల్‌పూర్" అన్నాడు మున్షీ.

పైవాళ్ళ మంజూరు కోసం ఫైలు సంస్థానపు రాజధాని జగదల్‌పూర్‌కు ప్రయాణమైంది. రోడ్డు ఉన్నంతమేరా మోటారులో, లేనంతమేరా మనిషి నెత్తిమీద. దసరా వెళ్ళింది. దీపావళి వెళ్ళింది. సోమమ్మ రోజూ కచేరీ మెట్ల దగ్గరికి వచ్చి హుంగా ముఖం చూసి వెళ్ళేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు ఊపలేదు. ఫైలు తిరిగొచ్చింది, ఒక ఆక్షేపణతో. జతపరచిన పశువులకు గాలికుంటు వ్యాధి లేదని ధ్రువపత్రం ఏదీ?

ఆ రోజు సోమమ్మకు కోపం వచ్చింది. మెట్ల మీద కూలబడి, "నేను మనిషినని ఒక్క ముక్క రాయలేరా దొరా?" అని అడిగింది.

మున్షీ నొచ్చుకున్నాడు. "రాస్తా బాయీ. కానీ మనిషికి ఫారం లేదు. మనిషి అని రాస్తే ఫైల్ బంద్."

సోమమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. మనిషిగా మూడేళ్ళు ఉండిపోవడమా, పశువుగా నెలలో వెళ్ళిపోవడమా. ముక్కు చీదుకుని లేచి, పిల్లల్ని తీసుకుని పశువుల దవాఖానాకు నడిచింది.

పశువుల కాంపౌండరు పని దొంగ కాడు. ముగ్గురినీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపించి చూశాడు, కాళ్ళెత్తించి చూశాడు. నర్సికి కాలు ఎత్తినప్పుడు అనుమానం వచ్చింది.

"అమ్మా, మనం ఎడ్లమా?"

"కాగితంలనే బిడ్డా. ఇంటికాడ కాదు."

'నోట పుండ్లు లేవు. పెద్దదానికి మడమలు పగిలినవి. నడకకు పనికివచ్చును' అని కాంపౌండరు రాసిచ్చాడు.

డిసెంబరు పన్నెండున పర్మిట్టు వచ్చింది. ఎర్ర లక్క ముద్రతో చూడముచ్చటగా ఉంది. మున్షీ నిలబడి షరతులు చదివాడు, హుంగా తెలుగు చేశాడు. దారిలో ఇతరుల చేలలో మేయరాదు. పర్మిట్టులోని జీవాలకు బదులు వేరే జీవాలను తీసుకుపోరాదు. ఎట్టి పరిస్థితిలోనూ వధ నిమిత్తం అమ్మరాదు. (సంస్థానం తన ప్రజల్లో ఒకరి ప్రాణానికి రాతమూలకంగా హామీ ఇవ్వడం అదే మొదలని తెలిసినవాళ్ళు చెబుతారు.)

"మా అయ్య నన్ను ఇచ్చేటప్పుడు గూడ ఇంత గట్టిగ రాయించుకోలే" అంది సోమమ్మ.

పర్మిట్టును చెంగున ముడివేసుకుని మర్నాడు పొద్దున్నే శబరి నదిలో పడవెక్కింది. కూనవరంలో లాంచీ, రాజమండ్రిలో రైలు. లాంచీలో ఒకాయన, రైల్లో ముగ్గురు, కాకినాడ సత్రంలో లెక్కలేనంతమంది ఆమెను ఒకే మాట అడిగారు. వెంట మగదిక్కు ఎవరని. ఒక చేత్తో మూట, ఇంకో చేత్తో పిల్ల, చంకలో పిల్లాడు ఉన్న మనిషికి ఏ సాయం కావాలో అడిగినవాళ్ళు తక్కువ. సత్రంలో ఒక ముసలావిడ మాత్రం ఏమీ అడక్కుండా పిల్లాణ్ణి తీసుకుని స్నానం చేయించింది.

రేవులో గుమాస్తా కూడా అదే అడిగాడు. "మీతో మగవాళ్ళెవరమ్మా?"

"ఈడే" అని సోమమ్మ బుచ్చోణ్ణి ముందుకు చూపింది. "కాగితంల ఉన్నది, సూడున్రి."

గుమాస్తా పర్మిట్టును అటూ ఇటూ తిప్పాడు. అది హిందీలో ఉంది, హిందీ అతనికి రాదు. చదవలేని కాగితం పట్ల చదువుకున్నవాళ్ళకు ఉండవలసిన భయభక్తులు మాత్రం ఉన్నాయి. ముద్రను వేలితో తడిమి, లేచి నిలబడి దారి ఇచ్చాడు.

ఓడలో డెక్కు మీద చోటు దొరికింది. రెండోనాడు నర్సికి జ్వరం తగిలింది. జ్వరంతో ఉన్న పిల్లల్ని రంగంలో దింపనివ్వరని, తల్లినుంచి వేరుచేసి ఎక్కడో ఉంచుతారని పక్కవాళ్ళు చెప్పారు. సోమమ్మ తడిగుడ్డ మారుస్తూ, గంజినీళ్ళు చెంచాతో పోస్తూ, రెండు రోజులు పిల్ల పక్కనుంచి కదల్లేదు. బుచ్చోణ్ణి తన నడుముకే కట్టేసుకుంది. నాలుగోనాడు పిల్ల ఒళ్ళు చల్లబడి, అన్నం అడిగింది. అప్పుడు సోమమ్మ మొదటిసారి తలెత్తి చుట్టూ చూసింది. ఏ పక్కా గట్టు లేదు. ఇంత నీళ్ళ మధ్య తనెవరో ఎరిగిన ప్రాణి ఒక్కటీ లేదని గుండె జారింది. ఆ వెంటనే హాయిగానూ అనిపించింది. కనుచూపు మేరలో కచేరీ లేదు.

డిసెంబరు ఇరవై తొమ్మిదిన ఓడ రంగం చేరింది. రేవులో కాశయ్య నిలబడి ఉన్నాడు. బుచ్చోడు ఆ మీసాలు చూసి గుక్కపట్టి ఏడ్చాడు. కాశయ్య కొడుకును చూస్తూ, చెయ్యి చాపాలో వద్దో తెలియక, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరు తోలుకొచ్చిన్రు మిమ్మల్ని?"

"ఎవరు తోలుకొస్తరు? వచ్చినం" అంది సోమమ్మ.

అక్కణ్ణించి నేరుగా పల్టన్ ఆఫీసుకు వెళ్ళారు. పెద్ద క్లర్కు రిజిస్టరు తెరిచాడు. పర్మిట్టు తీసుకుని, చదవకుండానే ఫైల్లో గుచ్చాడు. తర్వాత కలం సిరాలో ముంచి, "కుటుంబాన్ని తీసుకొచ్చినవారు?" అని అడిగాడు.

"ఎవరూ తేలే సాబ్. ఆమెనే వచ్చింది" అన్నాడు కాశయ్య.

"తీసుకొచ్చినవారు అన్న గడే ఉంది. వచ్చినవారు అన్న గడి లేదు. కుటుంబం రాదయ్యా, తేబడుతుంది" అని పెద్ద క్లర్కు ఓపికగా వివరించి, ఆ గడిలో నాయకు కాశయ్య అని రాశాడు. రాశాక నియమావళి తిరగేశాడు. పరదేశం నుంచి కుటుంబాన్ని తెచ్చిన నాయకుకు ప్రయాణపు బడలిక తీర్చుకొనుటకై నాలుగు రోజుల సెలవు మంజూరు చేయవలెనని ఉంది. మంజూరు చేశాడు.

కాశయ్య కొంత మొహమాటపడ్డాడు గానీ, సెలవును కాదనడం పల్టన్‌లో నేరం. ఆ నాలుగు రోజులూ సోమమ్మ, బడలిక తీర్చుకుంటున్న మనిషికి నిద్ర చెడకుండా, పిల్లలిద్దర్నీ తీసుకెళ్ళి క్వార్టరు బయట ఆడించింది.