నాలుగో అంతస్తు ఎరుపు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోవే మనవరాలా, ఒక మహానుభావుడి సంగతి చెబుతాను.

"పేదవాడికి ఆకాశంలో ఇల్లు" అని గృహనిర్మాణ మంత్రిగారు మైకులో ప్రకటించిన రోజే మా గుడిసెలు పీకి, మమ్మల్ని రేకుల షెడ్డులోకి తోలారు. ఆకాశం కట్టడానికి పెద్ద చదువుల ఆర్కిటెక్టు గారు వచ్చారు. నల్ల కళ్లజోడు, తెల్ల చొక్కా, మాట పొదుపు. మూడేళ్లలో ఆరంతస్తులు లేపారు. గోడకు సున్నం లేదు, కిటికీకి చూరు లేదు. సిమెంటు నిజాయితీగా కనబడాలన్నారట. వాన కూడా అంతే నిజాయితీగా లోపలికి వచ్చేది. అయినా వంక పెట్టకూడదు, నాలుగో అంతస్తులో మాకో గది ఇచ్చారు. మీ అమ్మ అందులోనే పుట్టింది.

ఆ ఏడే విదేశీ పత్రికవాళ్లు ఫొటోలకు వస్తున్నారని కబురొచ్చింది. ఆర్కిటెక్టు గారు కింద నిలబడి తలెత్తి చూశారు. ముఖం మాడిపోయింది.

"కిటికీల్లో ఏవో కదులుతున్నాయేమిటి?"

"మనుషులండి," అన్నాడు వాచ్‌మన్.

"ప్లానులో లేరే."

ఒక్కపూటే కదా అని మంత్రిగారు నచ్చజెబితే పిల్లాపాపలతో కిందికి దిగాం. ఆ హడావుడిలో కిటికీకి ఆరేసిన ఎర్ర దుప్పటి మరిచాను. మీ అమ్మను చుట్టే దుప్పటి. తెచ్చుకుంటానంటే వాచ్‌మన్ మెట్లెక్కనివ్వలేదు.

ఫొటో దేశాలు తిరిగింది. అంత బూడిదరంగులో ఒక్క ఎర్ర చదరం, ఏమి సాహసమని ఆయనకు పెద్ద బహుమతి ఇచ్చారు. ఆ ఆలోచన కోసం మూడు నెలలు నిద్రపోలేదని సభలో చెప్పారు. మళ్లీ రేకుల షెడ్డుకే చేరిన మేమూ చలికి నిద్రపోలేదు. మనుషులు లేకపోతేనే బిల్డింగుకు అందమని మంత్రిగారికీ అర్థమై, గేటుకు తాళం వేయించారు మరి.

తర్వాత ఆయన కట్టిన ఆసుపత్రికి ఎర్ర చదరం, కోర్టుకు ఎర్ర చదరం. జైలుకు మూడంతస్తులు చాలు. చదరం కోసం నాలుగోది వేశారు.

మూడో చలికాలం మీ అమ్మకు దగ్గు పట్టుకుంటే, సిగ్గు విడిచి ఆయన ఆఫీసుకు వెళ్లాను.

"గది అడగను బాబూ. ఆ దుప్పటి ఒక్కటి ఇప్పించండి, పిల్ల వణికిపోతోంది."

ఆయన కుర్చీలోంచి లేచారు. నాకు కుర్చీ వేశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎంతైనా పెద్ద మనసు అనుకున్నాను.

"అది ఏ కొట్లో కొన్నావమ్మా? బాగా వెలిసిపోయింది. అలాంటిదే ఇంకొకటి కావాలి."

ఆయన మీద అచ్చేసిన లావుపాటి పుస్తకం మీ కాలేజీలో ఉందన్నావుగా. ఆ ఫొటో తీసి చదరం కింది మూల చూడు, నేను వేసిన నల్లదారం మాసిక కనబడుతుంది. చూశాక ఊరుకోకు, పక్కవాళ్లకూ చూపించు. ఎవరిదంటే మీ అమ్మదని చెప్పు.